గడ్డం ముందే నెరిసింది: రంగు వేయాలా, వదిలేయాలా?

తెనాలి_కుర్రాడు

అందరికీ నమస్కారం. నా వయసు 29. సొంతూరు తెనాలి దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. తల మీద జుట్టు నల్లగానే ఉంది. సమస్యంతా గడ్డంతోనే. పాతికేళ్ళు దాటాక చుబుకం మీద నాలుగైదు తెల్ల వెంట్రుకలు కనిపించాయి, పట్టించుకోలేదు. ఇప్పుడు చుబుకం దాదాపు మొత్తం తెలుపే. కింది పెదవికి రెండు పక్కలా చారల్లా దిగింది. చెంపల మీద మాత్రం నలుపు అలాగే ఉంది. దాంతో తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

రోజూ నున్నగా గీసుకుంటే గొడవే లేదు కదా అంటారేమో. నాకు రేజర్ పడదు. గీసిన మర్నాటికి మెడంతా ఎర్రటి పొక్కులు వచ్చి మంట పుడుతుంది. అందుకే ట్రిమ్మర్‌తో కత్తిరించి కాస్త గడ్డం ఉంచుతాను.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. దసరా వెళ్ళాక పెళ్ళిచూపులు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట, "ఆ గడ్డానికి కాస్త రంగెయ్యరా, ఫోటోలో పెద్దవాడిలా ఉన్నావు" అని. నాన్నకి నలభై దాటకుండానే తల మొత్తం నెరిసింది. ఆయన ఏనాడూ రంగు జోలికి పోలేదు. "ఒకసారి మొదలుపెడితే జన్మంతా పూసుకుంటూనే ఉండాలి" అంటారు.

రంగు వేస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది? మొహం చర్మానికి ప్రమాదమా? మధ్యలో ఆపాలనుకుంటే ఎలా? అన్నిటికన్నా ముఖ్యంగా, పెళ్ళిచూపులకి రంగు వేసుకుని వెళ్తే అది అవతలివాళ్ళని మోసం చేసినట్టా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సిక్కోలు_మాస్టారు

తమ్ముడూ, నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ముప్పై రాకముందే నా గడ్డం సగం తెల్లబడింది. వేయలేదు, వేయను.

కొత్త స్కూలుకి బదిలీ అయిన రోజుల్లో పిల్లల తల్లిదండ్రులు టీసీ కోసమో, మార్కుల కోసమో వస్తే నేరుగా నా దగ్గరకే వచ్చి దండం పెట్టేవారు, హెడ్మాస్టర్ని అనుకుని. అసలు హెడ్మాస్టర్ గారు పక్కనే కూర్చుని ఉండేవారు, తలకి చక్కగా రంగు వేసుకుని. మొదట్లో మనసుకి కష్టంగా ఉండేది. తర్వాత గమనించాను, ఇబ్బంది పడుతున్నది నేనొక్కడినే. పిల్లలకి పాఠం బాగా చెబుతున్నానా లేదా అన్నదే పట్టింపు. గడ్డం వాళ్ళు మొదటి వారమే చూసి మర్చిపోయారు.

మీ నాన్నగారి మాట నిజం. మా స్టాఫ్‌రూమ్‌లో రంగు వేసేవాళ్ళు ఆదివారం వచ్చిందంటే అదే పని. పండగైనా, పెళ్ళైనా, ఊరెళ్ళాలన్నా ముందు రంగు గురించి ఆలోచిస్తారు. ఆ టెన్షన్ నాకొద్దనుకున్నాను.

కరీంనగర్_సెలూన్

తమ్మీ, నేను కటింగ్ షాపు నడుపుతాను. మా నాయన నుంచి నేర్చుకున్న పని. వద్దు అనే మాట మాస్టారు చెప్పిండ్రు. వేస్తే ఎట్ల వెయ్యాలో నేను చెబుతాను. గడ్డం రంగులో ఎక్కువమంది చెడగొట్టుకునేది వేసే పద్ధతిలోనే.

ముందుగా షేడు. అందరూ చేసేది 'నేచురల్ బ్లాక్' ప్యాకెట్ తెచ్చి గడ్డం మొత్తం పూసుకోవడం. డబ్బా మీద పేరు నేచురలే, మొహం మీద మాత్రం తారు పూసినట్టు ఉంటుంది. ఎవరి గడ్డమైనా అన్ని వెంట్రుకలూ ఒకే నలుపులో ఉండవు. కొస దగ్గర కొంచెం ఎర్రగా, చెంపల దగ్గర కొంచెం పలచగా ఉంటుంది. అందుకని నా దగ్గరికి వచ్చినవాళ్ళకి డార్క్ బ్రౌన్ వేస్తాను. చాలా కంపెనీల్లో అది 3వ నంబరు. నీకు చెంపల మీద నలుపు ఉంది కాబట్టి అక్కడ ముట్టుకోవద్దు. తెల్లగా ఉన్న చుబుకం మీదే చిన్న బ్రష్‌తో వెయ్యాలి. కడిగేముందు ఒక్క నిమిషం పాటు పక్కల నల్ల వెంట్రుకల మీదికి దువ్వెనతో కొంచెం లాగితే అంచు కనబడదు.

మూడు నాలుగు తెల్లవి అక్కడక్కడ వదిలెయ్యమంటాను. అట్ల వదిలితేనే చూసేవాళ్ళకి అనుమానం రాదు.

నిలవడం అంటావా, గడ్డం నెలకి ఒక సెంటీమీటరు వరకు పెరుగుతుంది. అంటే నాలుగైదు రోజులకే కుదుళ్ళ దగ్గర తెల్ల గీత తేలుతుంది. తల మీద అయితే మూడు నాలుగు వారాలు దాచొచ్చు, గడ్డంలో దాగదు. ఎందుకంటే నువ్వు గడ్డం పొట్టిగా ఉంచుతావు, రంగున్న కొసలన్నీ ట్రిమ్మర్‌లో పోతయ్. ఇది ముందే ఆలోచించుకో. పెద్ద గడ్డం ఉన్నవాళ్ళకి కొంచెం నయం.

గీసిన రోజు, ట్రిమ్ చేసిన వెంటనే రంగు వెయ్యొద్దు. కంటికి కనబడని గాట్లు ఉంటయ్, మంట లేస్తుంది. ఒక రోజు ఆగి వెయ్యాలి. అంచుల వెంబడి, పెదవుల మీద వాసెలిన్ రాయాలి. ఎంతసేపు ఉంచాలో ప్యాకెట్ మీద రాసిందే లెక్క. గడ్డం రంగులకి సాధారణంగా తల రంగుకన్నా తక్కువ సమయం ఉంటుంది. ఇంకా ఎక్కువసేపు ఉంచితే వెంట్రుకల కన్నా చర్మానికే ఎక్కువ పడుతుంది.

చర్మవైద్యం_కర్నూలు

తెనాలి తమ్ముడికి. నేను చర్మవైద్యురాలిని. రంగు సంగతి తర్వాత, ముందు ఇది ఎందుకు నెరిసిందో చూడాలి.

మన ఆసియా వాళ్ళలో 25 ఏళ్ళలోపు నెరిస్తే దాన్ని బాలనెరుపు కింద లెక్కిస్తాం. తెల్లజాతి వాళ్ళకి ఆ గీత 20, ఆఫ్రికా మూలాలవాళ్ళకి 30. మీకు పాతికేళ్ళు దాటాక మొదలైందన్నారు కాబట్టి అంచు మీద ఉన్నారు. మగవాళ్ళలో తలకన్నా గడ్డం, మీసం ముందు తెల్లబడటం మేం తరచూ చూసేదే. మీ నాన్నగారి తల కూడా త్వరగా నెరిసిందంటే ఇది చాలావరకు వంశపారంపర్యమే. నెరవడంతో ముడిపడిన ఐఆర్ఎఫ్4 అనే జన్యువుని 2016లో లండన్ పరిశోధకులు గుర్తించారు. అదొక్కటే కారణమని కాదు, చాలా జన్యువుల పాత్ర ఉంటుంది.

అయినా కొన్ని పరీక్షలు చేయించుకోండి: బీ12, థైరాయిడ్, రక్తహీనత కోసం సీబీసీ, ఒంట్లో ఇనుము నిల్వ తెలియడానికి ఫెరిటిన్. శాకాహారులైతే బీ12 తప్పకుండా. సిగరెట్ అలవాటుంటే ఆపండి. పొగతాగేవాళ్ళలో ముందే నెరవడం ఎక్కువని పలు అధ్యయనాల్లో కనిపించింది.

ఇంకో రెండు విషయాలు మీరే అద్దంలో చూసుకోవాలి. ఒకటి, తెల్ల వెంట్రుకల కింద చర్మం కూడా తెల్లగా ఉందా? ఉంటే అది బొల్లి కావచ్చు. రెండు, అక్కడ ఎప్పుడైనా రూపాయి బిళ్ళంత గుండ్రంగా గడ్డం ఊడి మళ్ళీ మొలిచిందా? పేనుకొరుకుడు తగ్గేటప్పుడు కొత్త వెంట్రుకలు మొదట తెల్లగానే వస్తాయి, తర్వాత చాలామందిలో నల్లబడతాయి. అలాంటి గడ్డానికి తొందరపడి రంగు వేయడం అనవసరం. ఈ రెండింటిలో ఏదున్నా డాక్టర్‌కి చూపించాకే మిగతా మాట.

తెనాలి_కుర్రాడు

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. వెలుతురులో బాగా చూసుకున్నాను. కింద చర్మం మామూలుగానే ఉంది. గుండ్రంగా ఊడటం ఎప్పుడూ లేదు. మేం శాకాహారులం, హాస్టల్లో ఉన్నప్పటి నుంచి పెరుగు, పాలు కూడా తక్కువే. పరీక్షలు చేయించుకుంటాను. సిగరెట్ అలవాటు లేదు.

తెల్లవి పీకేయొచ్చా? ఒకటి పీకితే పది వస్తాయని అమ్మమ్మ అనేది.

చర్మవైద్యం_కర్నూలు

పది రావు. ఒక కుదురులోది పీకినంత మాత్రాన పక్క కుదురు తెల్లబడదు. అయినా పీకొద్దు. గడ్డం వెంట్రుక మందంగా, వంకర తిరిగి ఉంటుంది. పీకిన చోట కొత్తది చర్మం లోపలికే పెరిగి సెగ్గడ్డ లేవొచ్చు. మీకు రేజర్‌తో వచ్చే పొక్కులు కూడా చాలావరకు అలాంటివే.

ఉసిరి_తోట

అందరూ రంగు గురించే మాట్లాడుతున్నారు. మా తాతగారు గుంటగలగర ఆకు రసం, ఉసిరికాయ, కరివేపాకు కొబ్బరినూనెలో కాచి రాసేవారు. ఎనభై ఏళ్ళకి కూడా తలలో సగం నలుపే. మనవాళ్ళు వందల ఏళ్ళుగా వాడినవి వదిలేసి డబ్బాల వెంట పడటం ఎందుకు? తమ్ముడూ, ఆరు నెలలు ఓపికగా రాసి చూడు. నష్టమైతే లేదు కదా.

చర్మవైద్యం_కర్నూలు

తాతగారికి అది కలిసొచ్చిన వంశం కావచ్చండీ. నూనె రాసుకోవడంలో తప్పులేదు, వెంట్రుక పెళుసు తగ్గుతుంది, నునుపుగా ఉంటుంది. కానీ వెంట్రుకకి రంగునిచ్చే మెలనిన్ కుదురు లోపల ఉన్న కణాల్లో తయారవుతుంది. ఆ కణాలకి మూలమైన స్టెమ్ సెల్స్ అయిపోయాక పైన ఏం రాసినా మళ్ళీ పుట్టవు. నూనెతో తెల్ల వెంట్రుకలు నల్లబడ్డాయని నమ్మదగిన రుజువు నాకు దొరకలేదు.

తెల్లబడింది మళ్ళీ నల్లబడటం అసలు జరగదని కూడా అనను. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 2021లో 14 మంది వెంట్రుకలని పొడవునా పరిశీలిస్తే, కొన్ని వెంట్రుకలు తెల్లబడి తర్వాత మళ్ళీ రంగు తెచ్చుకున్నట్టు తేలింది. ఒకరికి సెలవుల్లో ఒత్తిడి తగ్గిన సమయానికి అయిదు వెంట్రుకలు నల్లబడ్డాయి. అయిదే అయిదు. దాన్ని పట్టుకుని మొత్తం గడ్డం నల్లబడుతుందని ఎవరికీ ఆశ పెట్టలేను. బీ12 లాంటి లోపం ఉంటే సరిచేసుకోవడం ఎలాగూ ఆరోగ్యానికి అవసరం, కొందరిలో కొంత రంగు తిరిగి రావచ్చు, అంతవరకే.

ఉక్కునగరం_వైజాగ్

డాక్టర్ గారు ఇంకా అసలు విషయానికి రాలేదు కాబట్టి నాకు జరిగింది చెబుతాను. చదివాక నిర్ణయించుకోండి.

మా చెల్లి పెళ్ళికి ముందు ఒక సెలూన్లో గడ్డానికి, మీసానికి రంగు వేయించుకున్నాను. ఏ రంగో అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు పొద్దున మీసం కింద దురద. మధ్యాహ్నానికి గడ్డం మొత్తం బిగుసుకుపోయినట్టయింది. రాత్రికి కళ్ళ రెప్పలు వాచి ఎడమ కన్ను తెరుచుకోలేదు. మీసం కింది నుంచి పసుపుపచ్చటి నీరు కారి, ఎండి, అట్టలు కట్టింది. స్పూన్ నోట్లోకి పోయేది కాదు. స్టెరాయిడ్ మాత్రలు వాడితే తగ్గింది. పెళ్ళి ఫోటోల్లో నేను లేను.

వాపు తగ్గాక గడ్డం చుట్టూ నల్లటి మచ్చలు చాలా నెలలు ఉండిపోయాయి. తెల్ల గడ్డం దాచబోతే మొహమే నల్లబడింది.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న నాకు వింతగా అనిపించింది: "ఎప్పుడైనా బ్లాక్ మెహందీ టాటూ వేయించుకున్నారా?" అని. అవును, కాలేజీ రోజుల్లో ఎగ్జిబిషన్లో చేతి మీద తేలు బొమ్మ వేయించుకున్నాను. అక్కడ చిన్న దద్దురు వచ్చి పోయింది. అప్పుడే ఒంట్లో అలర్జీ కూర్చుందట.

చర్మవైద్యం_కర్నూలు

ఈ అనుభవం రాసినందుకు కృతజ్ఞతలు. నేను రాయబోయేది ఇదే.

నల్లరంగుల్లో పనిచేసే పదార్థం ఎక్కువగా పారాఫినైలీన్‌డయమైన్, పీపీడీ అంటాం. చౌకగా దొరికే పొడి ప్యాకెట్ల నుంచి ఖరీదైన క్రీముల వరకు చాలావాటిలో ఇదే ఉంటుంది. అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి తగిలిన వాటివల్ల వచ్చే దద్దుర్లు, వాపు) నిపుణుల సంఘం 2006లో దీన్నే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. యూరప్‌లో కలిపాక జుట్టుకి తగిలేది 2 శాతం దాటకూడదని నిబంధన. చేతి మీద వేసే 'బ్లాక్ మెహందీ'లో ఎంత కలుపుతారో లెక్కే ఉండదు. వైజాగ్ అన్నగారికి జరిగినట్టు అక్కడ ఒంటికి అలవాటైన అలర్జీ ఏళ్ళ తర్వాత గడ్డం రంగుతో బయటపడుతుంది. ఒకసారి వచ్చిన ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ముందు చాలాసార్లు వేసుకున్నాం, ఏం కాలేదు కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి ఉన్నట్టుండి మొదలైన కేసులు ఎన్నో చూశాను.

'అమోనియా లేదు' అని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. అమోనియా వాసనకి, మంటకి కారణం. ఈ అలర్జీకి దానికి సంబంధం లేదు. అమోనియా లేని డబ్బాలో పీపీడీ ఉండొచ్చు. 'హెర్బల్' అన్న ప్యాకెట్లో కూడా. వెనక చిన్నక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదవండి.

మనలాంటి చామనఛాయ చర్మాలకి అలర్జీ తగ్గాక మచ్చ నిలిచిపోవడం ఎక్కువ. అరుదుగా రంగు తగిలిన చోట చర్మం తెల్లబడి బొల్లి మచ్చల్లా రావడమూ ఉంది. అప్పుడు వెంటనే ఆపేయాలి.

ఈ వేదికలో చదివేవాళ్ళందరికీ ఇంకో మాట. ఈ రంగు కడుపులోకి పోతే విషం. గొంతు, నాలుక వాచి ఊపిరి ఆడదు, కండరాలు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంట్లో పిల్లలకి అందే చోట పెట్టకండి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయిస్తూ కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

చార్మినార్_వాసి

భాయ్, మా ఇళ్ళల్లో గడ్డానికి మెహందీ పెట్టడం తాతల నాటి నుంచీ ఉంది. నల్లరంగు వేయకూడదని మా పెద్దల మాట, చాలామంది ఉలమాలు, అంటే మత పండితులు కూడా అదే చెబుతారు. మెహందీ మాత్రం మంచిదంటారు. శుక్రవారం నమాజుకి ముందు మా మసీదు దగ్గర ఎర్ర గడ్డాల పెద్దమనుషులు ఎంతమందో.

ఒట్టి గోరింటాకు పెడితే తెల్ల వెంట్రుక నారింజ రంగుకి వస్తుంది. ఆ రంగు పెద్దవాళ్ళకి గౌరవంగా ఉంటుంది, నీ వయసువాడికి నచ్చకపోవచ్చు. ముదురు గోధుమ రంగు కావాలంటే గోరింటాకు పెట్టి కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి. గోరింటాకు పొడిని చిక్కటి టీ డికాక్షన్‌లో కలిపి కొన్ని గంటలు నానబెట్టాలి. నీలి ఆకుకి అలా కాదు, గోరువెచ్చని నీళ్ళలో కలిపి పది పదిహేను నిమిషాల్లో వాడేయాలి, ఆలస్యమైతే పట్టదు. నీలి పట్టిన మొదటి రోజు ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, కంగారు పడొద్దు, మర్నాటికి ముదురుతుంది.

పని ఎక్కువ. సెలవు రోజు సగం పూట దీనికే పోతుంది. నేను నా భార్యతో పాటే పెట్టుకుంటాను, ఆమె చేతులకి, నేను గడ్డానికి.

కొనేటప్పుడు జాగ్రత్త. నిజమైన గోరింటాకు పది నిమిషాల్లో నల్లగా పండదు. 'బ్లాక్ మెహందీ' అని ఉన్న ప్యాకెట్ అయితే డాక్టరమ్మ చెప్పిన పీపీడీయే అందులో ఉండొచ్చు.

చర్మవైద్యం_కర్నూలు

భాయ్ చెప్పింది సరైనదే. ఒక్క మినహాయింపు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్ళు గోరింటాకు వాడకూడదు, ఎర్రరక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది, పసిపిల్లల్లో మరీ ఎక్కువ.

గోదావరి_గీత

పెళ్ళిచూపుల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకని రాస్తున్నాను. నాది రాజమండ్రి. నాకు పెళ్ళై కొన్నేళ్ళయింది. సంబంధాలు చూసే రోజుల్లో మా ఇంటికి ఒకాయన వచ్చారు. గడ్డం అంచుల్లో చర్మానికి రంగు అంటుకుని ఉంది, తెల్ల చొక్కా కాలర్‌కి కూడా గోధుమరంగు మరక. ఆయన మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి గడ్డం మీదే పెట్టుకున్నారు. ఏం చదివారు, ఏం చేస్తున్నారు అన్నవేవీ నా బుర్రకెక్కలేదు. మనిషి అంత ఇబ్బందిగా కూర్చుంటే చూసేవాళ్ళకీ ఇబ్బందిగానే ఉంటుంది.

మా ఆయనకి పెళ్ళినాటికే చెవుల పక్కన నెరుపు. ఫోటోలోనూ అలాగే ఉన్నారు, ఇంటికీ అలాగే వచ్చారు. మా అత్తయ్య ఒకరు "పిల్లాడి వయసు సరిగ్గా కనుక్కున్నారా?" అని అడిగితే, నాన్న పదో తరగతి సర్టిఫికెట్ చూసి ఊరుకున్నారు. అంతకుమించి గొడవ జరగలేదు.

రంగు వేసుకోవడం మోసమని నేననను. నచ్చి వేసుకుంటే అది అలంకారమే. కానీ ఫోటోలో ఒకలా, తర్వాత ఒకలా ఉండేలా పెట్టుకోవద్దు. వేసుకుంటానని ఆ అమ్మాయితో మాట్లాడే నాలుగు మాటల్లోనే చెప్పేస్తే భయం ఉండదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇక్కడ మగపిల్లాడికి "వదిలెయ్, హుందాగా ఉంటుంది" అని సులువుగా చెబుతున్నాం. ఇరవై అయిదేళ్ళ ఆడపిల్లకి పాపిట్లో తెలుపు కనిపిస్తే అలా చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. మా పిన్ని కూతురు డిగ్రీ నుంచీ రంగు వేసుకుంటోంది, ఆపితే ఏమంటారో అని. తమ్ముడూ, రేపు నువ్వు చూడబోయే అమ్మాయికి కూడా నెరుపు ఉండొచ్చు. నీ గడ్డాన్ని ఎలా చూడాలనుకుంటున్నావో ఆ జుట్టునీ అలాగే చూడు.

సిక్కోలు_మాస్టారు

గీత గారి ఆఖరి పేరా ముందు మా ఆవిడకి చదివి వినిపించాను. తనకి ముప్పై అయిదు. ప్రతి మూడు వారాలకీ రంగు వేస్తుంది. మానేయమని నేను ఎప్పుడూ అనలేదు, వేయమనీ అనలేదు. కానీ బంధువుల మాటలు తన మీదే పడతాయి, నా మీద పడవు. ఇది నిజం.

డల్లాస్_తెలుగోడు

ఒక మధ్యేమార్గం ఉంది. నేను రోజూ రంగు వేయను. ఏదైనా ఫంక్షన్ ఉంటే కడిగితే పోయే రకం వాడతాను, చిన్న బ్రష్‌తో మస్కారాలా ఉంటుంది. వెంట్రుక పైనే పూతలా నిలుస్తుంది, రాత్రి సబ్బుతో కడిగేస్తే పోతుంది. అలవాటు పడే పనిలేదు, కుదుళ్ళ దగ్గర తెల్ల గీత బాధ లేదు. ఎండలో, పెళ్ళి మండపంలో చెమట పడితే మాత్రం కారుతుంది, ఏసీ హాల్లోనే పనికొస్తుంది.

ఇండియా వచ్చే మిత్రులు ఇక్కడి నుంచి 'మెల్లమెల్లగా నల్లబరిచే' లోషన్లు తెస్తుంటారు. అలాంటి పాత సరుకులో కొన్నిటిలో సీసం, అంటే లెడ్ అసిటేట్ ఉండేది. ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో దాని అనుమతి రద్దు చేసింది. అనుమతి ఉన్న రోజుల్లో కూడా అది తల జుట్టుకే, గడ్డం మీసాలకి కాదు. ఎవరైనా పాత సీసా ఇస్తే తీసుకోకు.

మణికంఠ_నెల్లూరు

మధ్యలో ఆపడం ఎలా అని అడిగారు కదా స్వామీ, ఆ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబుంది.

నేను ఏళ్ళ తరబడి గడ్డానికి నల్లరంగు వేసేవాడిని. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తాను. మండల దీక్ష 41 రోజులు గడ్డం తీయం, రంగు ఊసే ఉండదు. మొదటి ఏడు రెండో వారానికి కింద తెలుపు, పైన నలుపుగా గడ్డం రెండు రంగులైంది. భజనకి వెళ్ళాలంటే సిగ్గేసింది. మా గురుస్వామి చూసి, "అయ్యప్పకి నీ అసలు గడ్డం తెలుసులే స్వామీ" అన్నారు. శబరిమల నుంచి వచ్చాక నల్ల కొసలన్నీ కత్తిరించేశాను. మిగిలింది తెలుపే. మళ్ళీ వేయలేదు.

రంగు మానడానికని మాల వేసుకోమని చెప్పట్లేదు, దీక్ష దీక్షే. గడ్డంలో ఆపడం తలలో కన్నా తేలికని చెబుతున్నాను. ఆడవాళ్ళు తల రంగు ఆపితే ఏడాది, రెండేళ్ళు రెండు రంగులతో తిరగాలి. మనకి ఒక నెల పెంచి, పొట్టిగా కత్తిరిస్తే అయిపోతుంది. కాబట్టి మీ నాన్నగారన్నట్టు జన్మంతా పూసుకోవాలనే భయం గడ్డం విషయంలో అక్కర్లేదు.

కరీంనగర్_సెలూన్

స్వామి చెప్పింది నిజం. ఆపాలనుకునేవాళ్ళకి నేను కూడా అదే చేస్తాను. ఒక వారం ఆగమంటాను, 3 మిల్లీమీటర్ల గార్డు పెట్టి మిషన్ తిప్పుతాను. ఇంకో వారానికి మళ్ళీ ఒకసారి. రంగు మొత్తం పోతుంది.

తమ్మీ, రంగు వేసినా వేయకున్నా నీకు ఆ 3 మిల్లీమీటర్లే మంచిగుంటుంది. తెలుపు అట్ట కట్టినట్టు కనబడేది గడ్డం పొడుగైనప్పుడు. పొట్టిగా ఉంటే చర్మం రంగు కూడా కలిసి తెలుపు పలచబడుతుంది. మెడ మీద గీత శుభ్రంగా తీయించు. నెరిసిన గడ్డం చిందరవందరగా ఉంటే పట్టించుకోని మనిషిలా కనిపిస్తాడు, అదే గడ్డం లైనింగ్ తీసి పెడితే దర్జాగా ఉంటుంది. తమిళ హీరో అజిత్ నెరిసిన జుట్టుతో వచ్చినప్పటి నుంచి, ఉన్న నెరుపుని కప్పొద్దు, కటింగే మంచిగ చెయ్యమని అడిగే పోరగాళ్ళు నా దగ్గరికే వస్తున్నరు.

తెనాలి_కుర్రాడు

రిపోర్టులు వచ్చాయి. థైరాయిడ్, ఫెరిటిన్ బాగానే ఉన్నాయి. బీ12 మాత్రం 200 లోపే ఉంది. దగ్గర్లోని డాక్టర్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఈ మధ్య కాళ్ళు తిమ్మిరెక్కడం ఎక్కువగా ఉండేది, కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల అనుకున్నాను. ఇక్కడ అడగకపోతే ఆ పరీక్ష చేయించేవాడినే కాదు.

గడ్డం 3 మిల్లీమీటర్లకి తగ్గించి, మెడ గీత తీయించి కొత్త ఫోటో దిగాను. సంబంధాలవాళ్ళకి అదే పంపమన్నాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. "పెళ్ళికైనా వేసుకో" అంటోంది. పెళ్ళి కుదిరితే ఆ అమ్మాయిని అడిగి చూస్తాను, తనకీ ఇష్టమైతే ఆ ఒక్క రోజుకి చార్మినార్ భాయ్ చెప్పిన గోరింటాకు, నీలి ఆకు పద్ధతిలో ముందే ఒకసారి ప్రయత్నించి వేస్తాను. నల్ల ప్యాకెట్ జోలికి పోను. నాకు చిన్నప్పుడు తిరునాళ్ళలో చేతికి వేయించుకున్న నల్ల బొమ్మ గుర్తొచ్చింది, దద్దురు వచ్చిందో లేదో అమ్మకి కూడా గుర్తులేదు.

నాన్నకి ఈ చర్చ మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన బీ12 కూడా పరీక్ష చేయిస్తున్నాను.

ఉక్కునగరం_వైజాగ్

మంచి నిర్ణయం తమ్ముడూ. గోరింటాకు పొడి అయినా సరే, ముందు చెవి వెనక కొంచెం పెట్టి అలర్జీ వస్తుందేమో చూడు.

ఓరుగల్లు_స్టూడెంట్

అన్నలూ, డాక్టర్ మేడమ్, నాకు 21. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. గడ్డంలో ఇరవై ముప్పై తెల్లవి ఉంటాయి. హాస్టల్లో 'అంకుల్' అని పిలుస్తారు, నవ్వి ఊరుకుంటాను గానీ రూమ్‌కొచ్చాక అద్దం ముందే కూర్చుంటాను. క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి. నాకు రేజర్‌తో ఇబ్బంది లేదు, అయినా గడ్డం ఉంటేనే నాకు నేను నచ్చుతాను. క్రీమ్ రంగు వేయాలనే ఉంది. చెవి వెనక టెస్ట్ ఎలా చేయాలి?

సిక్కోలు_మాస్టారు

బాబూ, అలా పిలిచేవాళ్ళకి ఒకసారి సూటిగా చెప్పు, నాకిది నచ్చట్లేదు, ఆపండి అని. నవ్వి ఊరుకుంటే నీకు ఇష్టమే అనుకుంటారు. మా పిల్లల్లో ఇది నేను రోజూ చూస్తాను.

చర్మవైద్యం_కర్నూలు

మాస్టారి మాటకి నా మద్దతు. నీకు రంగు వేసుకోవాలని ఉంటే వేసుకో, తప్పేమీ లేదు. ముందు నువ్వు కూడా బీ12, థైరాయిడ్ చూపించుకో, 25 లోపే మొదలైంది కాబట్టి.

టెస్ట్ ఇలా చెయ్యి. ఏ డబ్బా వాడబోతున్నావో అదే డబ్బా, అదే షేడు కొను. ప్యాకెట్‌లోని కాగితం మీద టెస్ట్‌కి ఎలా కలపమన్నారో, ఎంతసేపు ఉంచమన్నారో అలాగే చెయ్యి. చెవి వెనక గానీ, మోచేతి మడతలో గానీ శుభ్రంగా కడిగి ఆరిన చర్మం మీద కొంచెం రాయి. 48 గంటలు గమనించు. ఇది ఆలస్యంగా వచ్చే అలర్జీ, మొదటి కొన్ని గంటల్లో ఏమీ లేదని వేసేసుకోవద్దు. దురద, ఎరుపు, వాపు, నీటి పొక్కు, ఏది వచ్చినా వెంటనే కడిగేసి ఆ రంగు ఇక వాడకు. ఏమీ రాకపోతే వేసుకో, కానీ డబ్బా మార్చినప్పుడల్లా, చాలాకాలం ఆపి మొదలుపెట్టినప్పుడల్లా ఈ టెస్ట్ మళ్ళీ చెయ్యాలి. గతంలో బ్లాక్ మెహందీతో దద్దురు వచ్చి ఉంటే ఇంట్లో టెస్ట్ కూడా వద్దు, చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకో. కనుబొమ్మలకి, రెప్పలకి ఈ రంగు ఎప్పుడూ పెట్టకు, కంటికి హాని.

ఇంటర్వ్యూకి వారం ముందే మొదటిసారి వేసుకో, ముందురోజు రాత్రి కాదు. తేడా వస్తే తగ్గడానికి నీకు సమయం ఉంటుంది.